గాబ్లిన్లు నీ వైపు తిరగాలంటే

పర్లాకిమిడి,
శనివారం రాత్రి

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక మనసు మనసులో లేదు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో మీరాడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నీది ఫైటర్, అంటే యోధుడి పాత్ర. కవచం తొడుక్కుని, డాలు పట్టుకుని, అందరికంటే ముందు నిలబడితే గాబ్లిన్లు, ఆ పొట్టి రాక్షసులు, నీ పక్కనుంచే దూసుకుపోయి మీ విజార్డును, అంటే మంత్రగాణ్ణి, పడగొట్టాయన్నావు. "నన్ను అడ్డం కింద కూడా లెక్కెయ్యలేదు మావయ్యా" అన్నావు. చెప్పడం మొదలెట్టేసరికి అత్తయ్య భోజనానికి పిలిచింది, మాట సగంలో తెగిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. వచ్చే ఆదివారం బరంపురంలో మీ ఆట మొదలయ్యేలోపు ఇది చదివెయ్యి.

ముందు గాబ్లిన్ వైపు నుంచి ఆలోచించు. చెయిన్ మెయిల్ అనే ఇనప గొలుసుల కవచం, డాలు కలిపి నీ ఆర్మర్ క్లాస్, అంటే నిన్ను కొట్టాలంటే అందుకోవాల్సిన అంకె, 18. మీరు ఆడే 2014 పుస్తకంలో గాబ్లిన్ దాడి చేస్తే దాని పాచిక మీద పడ్డ అంకెకి 4 కలుస్తుంది. అంటే నిన్ను కొట్టాలంటే పాచిక మీద 14 గానీ అంతకు పైన గానీ పడాలి. 20 ముఖాల్లో 7 దానికి పనికొస్తాయి. మీ విజార్డుకి 12 అన్నావు కదా, అక్కడ 8 పడితే చాలు, 13 ముఖాలు పనికొస్తాయి. నిన్ను వదిలేసి అతని మీదికి వెళ్తే దానికి పోయేదేమీ లేదు, వచ్చేది బోలెడు. మరి వెళ్లకుండా ఎందుకుంటుంది? నీ కవచం ఎంత గట్టిదైతే నిన్ను వదిలెయ్యడానికి దానికి అంత మంచి కారణం దొరికినట్టు. ఇది తెలియక చాలామంది ఫైటర్లు ఇంకా మంచి కవచం కొంటారు, ఇంకా ఒంటరిగా మిగిలిపోతారు.

కాబట్టి నీ పని దెబ్బలు కాచుకోవడం కాదు తల్లీ. ఎదుటివాడు నిన్ను కొట్టినా నష్టపోవాలి, నిన్ను వదిలి వెళ్లినా నష్టపోవాలి. మొదటి నష్టం కవచం చూసుకుంటోంది. రెండోది నువ్వు తయారు చెయ్యాలి.

ఈ సంగతి నాకు బాగా అర్థమైంది 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఆడినప్పుడు. అందులో డిఫెండర్ అని ఒక పాత్రకి పేరే పెట్టారు, మార్క్ అనే నియమం ఇచ్చారు. ఫైటర్ ఎవరి మీద కత్తి విసిరినా, తగిలినా తగలకపోయినా, వాడిని మార్క్ చెయ్యొచ్చు. మార్క్ పడ్డవాడు ఫైటర్ని కాదని వేరేవాళ్లని కొట్టబోతే వాడి పాచికలోంచి 2 తగ్గుతుంది. పక్కనే ఫైటర్ ఉంటే వాడి దెబ్బ పడేలోపే కత్తి వేటు కూడా పడుతుంది. పాలడిన్, అంటే దైవశక్తి ఉన్న యోధుడు, మార్క్ చేస్తే ఆ తప్పు చేసినవాణ్ణి దైవ కాంతే కాల్చేది. చూశావా, నన్నే కొట్టాలని ఎవరూ బలవంతపెట్టలేదు. కొట్టకపోతే ఎంత ఖర్చో చెప్పి వదిలేశారు. కంప్యూటర్ ఆటల్లోలాగ ఒక బటన్ నొక్కితే రాక్షసులంతా మనవైపు తిరిగిపోవడం కంటే నాకు ఇదే నచ్చుతుంది. ఎందుకంటే మన బల్ల దగ్గర రాక్షసుడి వెనక ఒక మనిషి కూర్చుని ఆలోచిస్తుంటాడు. అతనికి ఆలోచించుకునే చోటు మిగలాలి.

మీరు ఆడేది ఐదో ఎడిషన్, ఆ 2014 పుస్తకమే. అందులో ఈ మార్క్ అందరికీ లేదు. ఉన్నదల్లా ఆపర్చునిటీ అటాక్, నీ అందుబాటులోంచి, అంటే నీ కత్తికి అందే దూరంలోంచి, బయటికి అడుగేసేవాడి మీద ఒక వేటు. నిన్న నువ్వు నమ్ముకున్నది దాన్నే. అది రెండు చోట్ల జారిపోయింది. ఒకటి, దానికి రియాక్షన్, అంటే ఎదుటివాడు చేసినదానికి అప్పటికప్పుడు చేసే ఎదురు చర్య, ఖర్చవుతుంది. అందరి వంతులూ ఒకసారి తిరిగే రౌండుకి అది ఒక్కటే ఉంటుంది. నాలుగు గాబ్లిన్లు పరిగెడితే ఒక్కదాన్నే కొట్టగలవు. రెండు, గాబ్లిన్‌కి బోనస్ యాక్షన్‌తోనే, అంటే దాడి వదులుకోకుండా అదనంగా చేసే చిన్న చర్యతోనే, డిసెంగేజ్ అయ్యే, అంటే నీకు వేటు దొరక్కుండా తప్పుకునే, గుణం ఉంది. అది వాడుకుంటే ఆ ఒక్క వేటు కూడా లేదు. కాబట్టి నిన్న నువ్వు చేతకాక ఓడిపోలేదు. అదే నీకు ముందు చెప్పాలనిపించింది.

నాలుగో లెవెల్‌కి వస్తున్నావు కదా, సెంటినెల్ అనే ఫీట్, అంటే అదనపు నైపుణ్యం, తీసుకో. రెండో ఆలోచన వద్దు. డిసెంగేజ్ అయినవాడి మీద కూడా వేటు వెయ్యొచ్చు. ఆ వేటు తగిలితే వాడి వేగం ఆ టర్నుకి సున్నా, ఉన్నచోటే నిలబడిపోతాడు. నీ పక్కనున్నవాడు నిన్ను కాక ఇంకొకరిని కొడితే రియాక్షన్‌తో వాణ్ణి కొట్టొచ్చు. పాత మార్క్‌లోని మంచి గుణం చాలావరకు ఇందులోకి వచ్చింది.

ఇప్పుడు మ్యాప్ మీది గళ్ల సంగతి, ఒక్కో గడి 5 అడుగులు. ఇవాళ మధ్యాహ్నం వాన పడుతుంటే మన వసారాలో చార్టు పరిచి, చింతపిక్కల్ని గాబ్లిన్లుగా పెట్టి, మీ తమ్ముడితో ఇదే ఆడి చూశాను. సోడా మూత నువ్వు, తెల్ల బొత్తాం మీ విజార్డు. బొత్తాన్ని నీ వెనక రెండో గడిలో పెడితే చింతపిక్క నీ చుట్టూ తిరిగి మీ ఇద్దరి మధ్య గడిలోకి దూరింది. నీ అందుబాటు దాటి అది బయటికి పోలేదు గనక నీకు వేటు రాలేదు! మీ తమ్ముడు "ఇది అన్యాయం" అని మూతని నేలకేసి కొట్టాడు. అన్యాయం కాదు, ఈ ఎడిషన్లో నియమమే అంత. బొత్తాన్ని మూడో గడికి జరిపాం, అంటే నీకు 15 అడుగుల దూరం. ఇక నీ దగ్గరికొచ్చిన చింతపిక్క అతన్ని అందుకోవాలంటే నీ అందుబాటు దాటి తీరాలి. అప్పుడు సెంటినెల్ పనిచేసింది.

అదే నువ్వు ప్రొటెక్షన్ స్టైల్, అంటే డాలుతో పక్కవాణ్ణి కాచే విద్య, వాడాలంటే లెక్క తిరగబడుతుంది. మీ విజార్డు నీకు 5 అడుగుల్లోపే, పక్క గడిలోనే ఉండాలి. నీకు కనబడే శత్రువు అతన్ని కొట్టబోతే డాలు అడ్డం పెడతావు, వాడు రెండు పాచికలు వేసి చిన్నది తీసుకుంటాడు. నూటికి 65 సార్లు తగలాల్సిన దెబ్బ 42 సార్లకి దిగిపోతుంది. కానీ దీనికీ రియాక్షనే ఖర్చు. అందుకని ప్రతి పోరాటానికి ముందే విజార్డుతో తేల్చుకో: ఈరోజు పక్కన ఉంటాడా, మూడు గళ్ల వెనక ఉంటాడా. మధ్యలో ఎక్కడో నిలబడితే రెంటికీ చెడతారు. నిన్న జరిగింది అదే అనుకుంటాను. నువ్వు మొదటి లెవెల్లోనే ప్రొటెక్షన్ తీసుకుని ఒక్కసారి కూడా వాడలేకపోయావన్నావు.

బయలు ప్రదేశంలో ఇవన్నీ సగమే పనిచేస్తాయి, దూరంగా చుట్టి వచ్చేవాణ్ణి నువ్వు ఆపలేవు. అందుకే గుమ్మం దొరికితే గుమ్మం, ఇరుకు సందు దొరికితే సందు. దొరక్కపోతే దాడికి బదులు ఒకదాన్ని తోసి పడెయ్యి. కింద పడ్డది లేవడానికే సగం నడక పోతుంది.

ఎర వెయ్యడం ఇంకొక విద్య. మహేంద్రతనయ నది ఇసకలో చెడుగుడు ఆడేటప్పుడు మా మూల ఆటగాడు ఒకడుండేవాడు. కూతకొచ్చినవాడి ముందు ఎడమ పాదం ఒక జానెడు ముందుకి వదిలేసేవాడు. బరువంతా కుడి కాలి మీదే. పాదం అందేలా కనిపిస్తుంది, కూతవాడి కళ్లు అక్కడే అతుక్కుపోతాయి, చెయ్యి చాపేసరికి మడమ వెనక్కి వెళ్లిపోతుంది, పక్కవాడు నడుం పట్టేస్తాడు. మీ జట్టులోని ఆవేశపు యోధుడు, ఆ బార్బేరియన్, చేసే రెక్‌లెస్ అటాక్, అంటే తెగించి వేసే దెబ్బ, అచ్చం ఆ పాదమే. తను గట్టిగా కొడతాడు, బదులుగా తన్ని కొట్టడం సులువు చేస్తాడు, రేజ్‌లో, అంటే ఉగ్రావేశంలో, ఉంటే పడ్డ దెబ్బ సగమే తగులుతుంది. శత్రువుకి అతను చవగ్గా కనిపిస్తాడు. అతన్నీ నిన్నూ పక్కపక్కన నిలబెట్టు. అతను ఎర, నువ్వు వల.

మీ పాలడిన్ కంపెల్డ్ డ్యుయల్, అంటే శత్రువుని తన మీదికి తిప్పుకునే మంత్రం, నేర్చుకుందన్నావు. ఇందులో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యనివ్వకు. బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో నా పాలడిన్ ఓగర్ అనే పెద్ద రాక్షస జీవిని ఆ మంత్రంతో తన మీదికి తిప్పుకున్నాడు. మరుక్షణం మా దళంలోని దొంగ దాని వీపులో బాణం దించాడు. జట్టువాళ్లు దానికి హాని చేస్తే ఆ మంత్రం తెగిపోతుంది. తెగిపోయింది. ఓగర్ వెనక్కి తిరిగి గాయాలు మాన్పే పూజారిని చంపేసింది. తప్పు ఆ కుర్రాడిది కాదు, నాది. "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అన్న ఒక్క మాట నేను అనలేదు. ఆ పూజారి పాత్రని రెండేళ్లు ప్రేమగా ఆడిన అమ్మాయి ఆ రాత్రి బల్ల దగ్గర ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. ఆ మొహం నాకింకా గుర్తుంది.

అందుకే మాట్లాడు. నీ టర్ను వచ్చినప్పుడు "కొడుతున్నాను" అని పాచిక వేసి ఊరుకోకు. ఎవడి ముందు నిలబడ్డావో, వాడితో ఏమంటున్నావో చెప్పు. సినిమా డైలాగులక్కర్లేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి పిల్లవి, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే తిట్టు. మీ డీఎం, అంటే రాక్షసుల్ని నడిపే ఆట నిర్వాహకుడు, ఒడియా అబ్బాయైనా బరంపురంలో పెరిగినవాడు, అర్థమవుతుంది. దొంగల నాయకుడికి పౌరుషం ఉంటుంది, వాణ్ణి నలుగురిలో మాటంటే నీ వైపు తిరగొచ్చు. ఆకలిగా ఉన్న తోడేలుకి పౌరుషం పట్టదు, దానికి బలహీనంగా కనిపించేదే కావాలి. జాంబీకి దగ్గరున్నది చాలు. ఎవడి బుర్ర ఎలాంటిదో ముందు కనిపెట్టు, తర్వాత నోరు విప్పు. ఇంత చేసినా డీఎం రాక్షసుణ్ణి విజార్డు మీదికే పంపితే బల్ల దగ్గర గొడవ పడకు. ఆట అయ్యాక, టీ తాగేటప్పుడు, "వాడు నన్నెందుకు లెక్క చెయ్యలేదు?" అని అడుగు. మంచి డీఎం అయితే కారణం చెప్తాడు, ఆ కారణం నీకు పనికొస్తుంది.

నిన్నటి పోరాటం మ్యాప్ గళ్ల కాగితం మీద గీసి, ఫొటో తీసి పంపు. గుమ్మాలు ఎక్కడున్నాయో, మొదటి గాబ్లిన్ కదిలినప్పుడు మీ విజార్డు ఏ గడిలో ఉన్నాడో చుక్క పెట్టు. చింతపిక్కలు ఇంకా వసారాలోనే ఉన్నాయి, తియ్యనివ్వలేదు.

మీ మావయ్య