స్వర సందేహాలు: పియానో అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. కొబ్బరి తోట, చిన్న రొయ్యల చెరువు మా ఆధారం. మా అమ్మాయికి పదకొండేళ్లు. చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. ఫోనులో పియానో కచేరీలు చూసి తానూ పెద్ద వేదికల మీద వాయిస్తానంటోంది. దీంతో బతుకు గడుస్తుందా? మా ఊరి నుంచి అంతదూరం దారి ఉందా?
- ఒక తండ్రి

జవాబు: దారి గురించి ముందు చెబుతాను. పోలండ్ రాజధాని వార్సాలో 1927 నుంచి ఆ దేశపు స్వరకర్త షోపాన్ పేరిట పియానో పోటీ జరుగుతోంది. ఆసియా నుంచి వెళ్లి దాన్ని మొదట గెలిచినవాడు వియత్నాం యువకుడు డాంగ్ థాయ్ సోన్, 1980లో. అతని చిన్నతనంలో హనోయ్ మీద బాంబులు పడుతుంటే సంగీత కళాశాలను పల్లెకు తరలించారు. అతని చదువు అక్కడే సాగింది. కాబట్టి ఊరు చిన్నదని దిగులు వద్దు. అయితే అతని తల్లి ఆ కళాశాలలో పియానో గురువు. మీ అమ్మాయికి లేనిది అదే, గురువు. దాని గురించే మీరు ఎక్కువ ఆలోచించాలి.

ముందు వాయిద్యం మార్చండి. పియానో మెట్టు నొక్కితే లోపల ఉన్ని తొడిగిన చెక్క సుత్తి లేచి తీగను కొడుతుంది. తీగను తాకడానికి రవ్వంత ముందు ఆ సుత్తి మెట్టు నుంచి విడిపోతుంది. ఇక అది వేలి మాట వినదు, తనంతట తాను ఎగిరి కొట్టి వెనక్కి పడుతుంది. ఆ తర్వాత మెట్టును ఎంత అదిమినా స్వరం మారదు. వీణ మీద తీగ లాగి గమకం పలికించినట్టు ఇక్కడ కుదరదు. మెత్తదనమైనా గాంభీర్యమైనా, వాయించేవారి మనసులో ఉన్నదంతా మెట్టు దిగే ఆ సెంటీమీటరు దూరంలోనే, అది దిగే వేగంలోనే పలకాలి. మంచి పియానో మీద మెట్టును మరీ నెమ్మదిగా నొక్కి చూడండి, శబ్దమే రాదు. తేలిక మెట్ల కీబోర్డు మీద ఆ తేడా చెవికి అందదు, వేలికీ తెలియదు. అందుకే 88 మెట్లుండి, వాటికి అసలు పియానోలాంటి బరువున్న డిజిటల్ పియానో కొనండి. అర లక్ష దరిదాపుల్లో మొదలవుతాయి. ఇప్పటికి అది చాలు.

గురువు కోసం హైదరాబాదులోనో చెన్నైలోనో వెతకండి. వారం వారం వీడియో పాఠం, సెలవుల్లో ఎదుట కూర్చుని పాఠం, ఇలా ఏర్పాటు చేసుకోవచ్చు. లండన్ ట్రినిటీ కళాశాల వారి ఎనిమిది గ్రేడుల పరీక్షలు మన దేశంలోనూ జరుగుతాయి. అవి పిల్లలకు క్రమం నేర్పుతాయి. ఎనిమిదో గ్రేడు పూర్తయితే విద్వాంసురాలు అయిపోయినట్టే అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

ఇక బతుకు మాట. జర్మనీ పియానో విద్వాంసురాలు క్లారా షూమన్ తొమ్మిదేళ్లకే, 1828లో, లైప్జిగ్‌లో వేదికెక్కింది. భర్త, స్వరకర్త రాబర్ట్ 1856లో పోయేనాటికి ఏడుగురు పిల్లలు. దేశదేశాలు తిరిగి కచేరీలు చేసి వాళ్లను పోషించింది. 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సంగీత కళాశాలలో పాఠాలూ చెప్పింది. 1891 దాకా జనం ముందు వాయించింది. అంటే పియానో అన్నం పెట్టింది, కానీ ఆమె స్థాయి మనిషికి కూడా కచేరీతో పాటు పాఠాలు ఉన్నాయి. ఈనాటికీ ఈ రంగంలో చాలామందికి నెలనెలా ఇల్లు గడిచేది బోధన మీదే. మీ అమ్మాయి మంచి గురువుగా స్థిరపడితే అది ఓటమి అని దయచేసి ఎవరూ అనకండి.

వేదిక జీవితం పైకి కనిపించేంత వెలుగుగా ఉండదు. ఫిడేలు విద్వాంసుడు తన ఫిడేలు వెంట తీసుకువెళతాడు. పియానో కళాకారులలో చాలామంది ఏ ఊరికి వెళితే అక్కడున్న పియానో మీదే, కొద్ది గంటల పరిచయంతో వాయించాలి. కాగితం చూడకుండా కచేరీ అంతా జ్ఞాపకం నుంచి నడపాలి. ఆ ఒత్తిడి ఎంతటిదంటే పియానోలో దిగ్గజమైన హోరోవిట్జ్ అంతటివాడు 1953 నుంచి పన్నెండేళ్లు వేదికకు దూరమయ్యాడు. కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ 1964లో, ముప్పై ఒకటో ఏట, కచేరీలు పూర్తిగా మానేసి రికార్డింగులకే పరిమితమయ్యాడు.

చేతుల విషయంలో నాది ఖండితమైన మాట. నొప్పి వస్తే ఆ పూటకు ఆపించండి. క్లారా భర్త రాబర్ట్ కుడిచేయి పాడై వాద్యకారుడు కావాలన్న ఆశ వదులుకున్నవాడే. టీవీ పోటీలకూ, పెళ్లి వేదికలకూ ఇప్పుడే పంపకండి. ఒక ఏడాది గమనించండి: ఎవరూ చెప్పకుండానే, తప్పు వచ్చిన ఆ నాలుగు స్వరాలనే మళ్లీ మళ్లీ వాయిస్తోందా, లేక వచ్చిన పాటనే నలుగురికీ వినిపిస్తోందా? మొదటిదైతే తోట మీద అప్పు చేయకుండా ఎంత చేయగలరో అంతా చేయండి.

ప్రశ్న: నరసాపురంలో మా తాతగారి నాటి పియానో ఉంది. వానాకాలం రాగానే మెట్లు బిగుసుకుపోతున్నాయి. కొబ్బరినూనె రాయవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అస్సలు వద్దమ్మా. నూనె తగిలితే ఉన్ని జిగురెక్కి పూర్తిగా పాడవుతుంది. మన కాలువ గాలిలోని తేమకు మెట్ల కింది ఉన్ని, చెక్క ఉబ్బుతాయి, అందుకే బిగుసుకుంటాయి. లోపలి పలక కూడా ఉబ్బి తీగలను లాగడంతో శ్రుతి పెరుగుతుంది. పియానోను బయటి గోడకూ కిటికీకీ దూరంగా జరపండి. ఏసీ వేస్తూ ఆపుతూ ఉంటే మరింత చెరుపు, గాలి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. శ్రుతి మీరే సరిచేయబోకండి, తీగలన్నీ కలిసి టన్నుల బరువుతో బిగిసి ఉంటాయి. వానలు వెనక్కి తగ్గి సంక్రాంతి చలి వచ్చాక శ్రుతి చేసేవారిని పిలిపించండి.