పోటు ఎంత ఎత్తుకొస్తుందో చూశాకే నాటండి

చిరంజీవి మాధవికి,

మామయ్య ఆశీస్సులు. కోరంగి దగ్గర మడ అడవి పునరుద్ధరణ ప్రాజెక్టు మీకు వచ్చిందని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఇక్కడి విశ్వవిద్యాలయం, బయటి దేశపు విశ్వవిద్యాలయం, అటవీ శాఖ, ఊరి కమిటీ నలుగురూ కలిసి చేస్తారట, ఆ నలుగురినీ ఒక తాటి మీద నడిపే పని నీదట. చెప్పలేనంత సంతోషం. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన ప్రణాళిక మొత్తం చదివాను. మొక్కల లెక్క ప్రతి పేజీలోనూ ఉంది. సముద్రపు పోటు ప్రస్తావన ఎక్కడో చివర, అదీ వాతావరణం గురించి రాసిన పేరాలో. చదువుకున్న పిల్లవి, ఇంత ఏమరుపాటా?

తేలికైనవి ముందు ముగిస్తాను. కోరంగి 1978 నుంచీ అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేనిదే పరిశోధన పేరుతో లోపల అడుగు పెట్టకూడదు. దరఖాస్తులో పడవ నడిపేవాళ్ళ పేర్లూ రాయి, విద్యార్థులవి మాత్రమే రాసి ఊరుకోకు.

రెండోది జీవవైవిధ్య చట్టం. విదేశీ భాగస్వామి చేతికి మన జీవవనరులు వెళ్ళాలంటే, 3వ సెక్షన్ ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. సహకార పరిశోధనలకు 5వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కలిసి పనిచేస్తున్నాం గనక ఆ మినహాయింపు దానంతట అదే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. అది సంస్థకూ సంస్థకూ మధ్య ఒప్పందమై ఉండాలి, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు సరిపోవాలి, కేంద్ర ప్రభుత్వ ఆమోదం పొంది ఉండాలి. చట్టాన్ని 2023లో సవరించారు, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, కాబట్టి పాత ప్రాజెక్టు ఫైలులోంచి ఫారాలు నకలు తీయకు. మట్టి నమూనాలు పంపడానికి 'మట్టే కదా' అనకు. అందులోని సూక్ష్మజీవులూ జీవవనరుల్లోకే వస్తాయి. ఆరబెట్టి తూకం వేసే పని, కర్బనం లెక్క మన లాబుల్లోనే అవుతాయి. బయటికి పంపాల్సింది ఎంత తక్కువైతే నీ తలనొప్పి అంత తక్కువ.

ఇక అసలు సంగతి. మా తరం వాళ్ళం, మన దేశంలోనూ బయటా, మడ విషయంలో ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ చేశాం. ఖాళీగా కనబడ్డ బురద మేటల మీద ఉప్పు పొన్న అనే మడ రకాన్ని గుచ్చుకుంటూ పోయాం. పొన్నే ఎందుకో తెలుసా? దాని కాయ చెట్టు మీదే మొలకెత్తి కర్రలా వేలాడుతుంది. దాన్ని ఏరుకొచ్చి బురదలో గుచ్చితే చాలు, నర్సరీ అక్కర్లేదు, సంచి అక్కర్లేదు. సాయంత్రానికి వరసలు వరసలుగా ఫొటో వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ వరసలు ఉండవు.

కారణం ఎత్తు. మడ చెట్టు నీళ్ళలో పెరిగే మొక్క కాదు, నీళ్ళు వచ్చి పోయే చోట పెరిగే మొక్క. ఈ పనిలో పండిపోయిన అమెరికా శాస్త్రవేత్త రాబిన్ లూయిస్ ఎప్పుడూ చెప్పిన లెక్క ఒకటుంది: నేల మొత్తం కాలంలో మూడో వంతు కంటే తక్కువ సేపే మునిగి ఉండాలి. బురద మేట అంతకంటే కిందికి ఉంటుంది. అక్కడ వేళ్ళకు గాలి అందదు, అలలు కాండాన్ని ఊపుతాయి, బార్నకిల్ గుల్లలు పట్టి ఆ బరువుకు మొక్క వంగిపోతుంది, నాచు కప్పేస్తుంది. ఎన్ని నాటినా అంతే. 2004 సునామీ తరవాత శ్రీలంకలో 1000 నుంచి 1200 హెక్టార్ల దాకా నాటారు. తరవాత వెళ్ళి లెక్కగడితే నిలిచింది 200, 220 హెక్టార్లు. చూసిన 23 చోట్లలో 9 చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. ఫిలిప్పీన్స్‌లోనూ ఇదే కథ, అదీ దశాబ్దాల తరబడి.

అసలు ఆ మేటల్నే ఎందుకు ఎంచుకున్నారంటావా? వాటికి హక్కుదారు ఎవరూ లేరు గనక. మడ నిజంగా పెరగగల ఎత్తులో ఉన్న నేల రొయ్యల చెరువులైపోయింది. పాడుబడ్డ చెరువుకైనా ఒక యజమాని, ఒక కాగితం, ఒక తగాదా ఉంటాయి. వాటి జోలికి పోలేక ఎవరూ అడ్డురాని బురద మీద పడ్డారు. అది ఖాళీ నేల కూడా కాదు, తల్లీ. కాకినాడ తీరంలో చలికాలం వలస వచ్చే ఉల్లంకి పిట్టలు తిండి వెతుక్కునేది ఆ బురదలోనే. ఇండియన్ స్కిమ్మర్లు గుంపుగా వాలేదీ అలాంటి తిన్నెల మీదే. జీవవైవిధ్యం కాపాడతామని వెళ్ళి వాటి కంచం మీద మొక్క నాటితే ఏమనాలి? మీ పటంలో మూడో బ్లాకు సరిగ్గా అలాంటి మేట మీదే ఉంది. దాన్ని కొట్టెయ్యి. విస్తీర్ణం తగ్గుతుందని మీ విదేశీ ప్రొఫెసరు గారు నొచ్చుకుంటే, నొచ్చుకోనీ.

మిగతా రెండు బ్లాకులు వేరు, అవి అడవి లోపలివి. ఒకప్పుడు కూపులు వేసి, అంటే అడవిని ముక్కలుగా విడగొట్టి, నరికిన చోట నేలకు ఎండ తగిలి, ఎండి, కుంగి, మధ్యలో పళ్ళెంలా అయిపోతుంది. పోటు నీరు లోపలికి వస్తుంది, బయటికి పోదు. ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, అలాంటి చోట నేలలోని నీటిలో దానికి రెట్టింపు, ఆ పైన కూడా ఉండొచ్చు. ఇలాంటి చోట్లకే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్ళు 1990లలో తమిళనాడులోని పిచ్చావరంలోనూ, తరవాత గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ అటవీ శాఖలతో, ఊళ్ళతో కలిసి చేపముల్లు కాలవల పద్ధతి తెచ్చారు. వెన్నెముకలా ఒక పెద్ద కాలవ, దానికి 45 డిగ్రీల వాలున ఇరుపక్కలా పిల్ల కాలవలు. పెద్ద కాలవ పైన 3 మీటర్లు, అడుగున 1 మీటరు, లోతు సుమారు 1 మీటరు. పిల్ల కాలవలు అంతకంటే ఇరుకు, తక్కువ లోతు. మొక్కను అడుగునా పెట్టరు, గట్టు మీదా పెట్టరు, వాలు మధ్యలో పెడతారు, పోటుకు మొదలు తడిసి, నీరు వెనక్కి తీసే పాటుకు ఆరేలా.

ఈ కొలతలు మీ నేలకు అచ్చుగుద్దినట్టు సరిపోతాయని నమ్మకు. కొలిచి చూడు. కాలవ అడుగు పళ్ళెం అడుగు కంటే కిందికి ఉండి, పాయ వైపు వాలి ఉండాలి, లేకపోతే డబ్బు పెట్టి ఇంకో మడుగు తవ్వినట్టే. వాలు చూడటానికి ఖరీదైన యంత్రం దొరికేదాకా ఆగక్కర్లేదు. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి గొట్టం చాలు, గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకుంటే. పోటు ఎత్తు చూడటానికి ఒక గుంజ పాతి, 10 సెంటీమీటర్లకొక చిన్న సీసా మూతి తెరిచి కట్టు. అమావాస్య, పౌర్ణమి పోట్లు వెళ్ళాక ఏ సీసా దాకా నిండిందో చూడు. అదే పని పక్కనే బాగా పెరుగుతున్న తెల్ల మడ మధ్యలోనూ చెయ్యి. అక్కడి నేల ఎత్తూ, మీ బ్లాకు ఎత్తూ పక్కపక్కన రాసుకుంటే నీకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నేలలో 30 సెంటీమీటర్ల లోతున గొట్టంతో ఊరిన నీరు లాగి రిఫ్రాక్టోమీటరులో ఉప్పు చూడు. రీడింగు 100 దాటి పోతే సగానికి సగం మంచినీళ్ళు కలిపి చూసి రెట్టింపు చేసుకో. ఎండాకాలం చివర ఒకసారి, వానలయ్యాక ఒకసారి, తప్పకుండా రెండూ.

తవ్విన మట్టిని కాలవ అంచున గట్టులా పోయనివ్వకు. కూలీలకు అదే సులువు, కాంట్రాక్టరుకు అదే చవక. ఆ గట్టు నీటిని మళ్ళీ ఆపేస్తుంది. దూరంగా పలచగా చల్లించు. కాలవలు పూడుతాయి, ఏటా పూడిక తీయాలి. మీ బడ్జెట్‌లో ఆ పద్దే లేదు. మూడేళ్ళ ప్రాజెక్టు మూడో ఏడు ముగిసేసరికి కాలవ పూడి, నాలుగో ఏడు మొక్కలు ఎండిపోతే, మీ వ్యాసం మాత్రం 'విజయవంతం' అని అచ్చయి ఉంటుంది. పూడిక డబ్బు 5 ఏళ్ళకు ఊరి కమిటీ ఖాతాలో ముందే వేయించు.

మొదటి ఏడాది నాటొద్దు. కొలతలు, అనుమతులు, కాలవలు, అంతే. దాతలకు మొక్కల సంఖ్య కావాలంటారు. లక్ష్యాన్ని 'పోటు తిరిగి నడిచిన హెక్టార్లు' అని మార్చి రాయి. రెండో ఏడు కూడా ఒక ముక్కలో కాలవ తవ్వి ఏమీ నాటకుండా వదులు, ఇంకో ముక్కను అసలు ముట్టుకోకు. తెల్ల మడ గింజలు నీటి మీద తేలి వాటంతట అవే వస్తాయి. నీరు సరిచేస్తే అడవి దానంతటదే వస్తుందా, మీ మొక్క వల్ల వచ్చిందా అన్నది తేల్చేది ఆ ముక్కే. పరిశోధన అంటే అది. నాటితే నాలుగైదు రకాలు పెట్టు: ఉప్పు ఎక్కువ ఉన్న చోట తెల్ల మడ, పాయ దగ్గర మెత్తని నేలలో కలింగ, గుగ్గిలం. పొన్న అంచున కొద్దిగా. మొలకలు ఆ పాయ చుట్టుపక్కలవే కావాలి.

కర్బనం కొలతలో రెండే మాటలు. మట్టి కోర్, అంటే గొట్టం దించి తీసే మట్టి కడ్డీ, మీటరు లోతు తీసి 0-15, 15-30, 30-50, 50-100 సెంటీమీటర్లుగా విడగొడతారు, అది నీకు తెలుసు. గొట్టం దించేటప్పుడు లోపలి మట్టి అణగిపోతుంది. గొట్టం బయటి లోతూ లోపలి లోతూ ప్రతిసారీ కొలవకపోతే సాంద్రత తప్పుతుంది, దాంతో లెక్కంతా తప్పుతుంది. రెండు, పొన్న లావు కొలిచేది ఛాతీ ఎత్తున కాదు, అన్నిటికంటే పై ఊడకు 30 సెంటీమీటర్ల పైన. విద్యార్థులు మర్చిపోతారు. బావురుపిల్లి కెమెరాలు పెద్ద పోటుకు అందని ఎత్తున కట్టండి, అంతకుమించి నేను చెప్పేదేం లేదు.

ఊరి గురించి నాకో భయం ఉంది. చొల్లంగి, గాడిమొగ, భైరవపాలెం వైపు పీతలు పట్టేవాళ్ళకు ఏ పాయలో ఏ పోటుకు ఎంత నీరు వస్తుందో మీ మోడల్ కంటే బాగా తెలుసు. వాళ్ళ దగ్గర ఆ సంగతి రాసుకుని, నివేదికలో 'స్థానికుల సహకారంతో' అని ఒక్క ముక్కతో సరిపెడితే నేను ఊరుకోను. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ 2020లో ప్రకృతి ఆధారిత పరిష్కారాలకు ప్రమాణం పెట్టింది, 8 సూత్రాలు, 28 సూచికలు. అందరూ మూడోదాన్ని, జీవవైవిధ్యానికి లాభాన్ని, పట్టుకుంటారు. నువ్వు ఆరోదాని దగ్గర ఆగు, ఎవరికి లాభమో ఎవరికి నష్టమో తూచమంటుంది. గేదెలు మేపుకునేవాళ్ళకు కంచె వేస్తే మేత ఎక్కడ? తిల్ల చెట్ల ఎండు కొమ్మలు ఏరుకునే ఆడవాళ్ళకు వంటచెరకు ఎక్కడ? ఆ జవాబు ఒప్పందంలో రాసి, తెలుగులో, ఊరి పెద్దల చేతే కాక పీతలు పట్టే ఆడవాళ్ళ చేత కూడా చదివించుకో. కూలి వారం వారం ఇవ్వండి. విశ్వవిద్యాలయం బిల్లు పాసయ్యేదాకా వాళ్ళు ఆగలేరు. పంచాయతీలోని జీవవైవిధ్య కమిటీకి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉంటే మీ జాబితాలు అందులోకి ఎక్కించు.

ఇవన్నీ కాగితం మీది భయాలు. నాకు నిద్ర పట్టనిది పాటు వేళ గురించి. లోపలి పాయల్లో నీరు లాగేస్తే పడవ బురద మీద కూర్చుంటుంది, మళ్ళీ పోటు వచ్చేదాకా, అంటే రాత్రి దాకా, కదలదు. పాటు మొదలయ్యే గంట ముందే బయటికి రండి, నమూనా సగంలో ఉన్నా సరే. పడవ నడిపే సరంగు 'పోదాం' అంటే పోవడమే, అక్కడ పీహెచ్‌డీలు పనికిరావు. లైఫ్ జాకెట్ బురదలో నడిచేటప్పుడు కూడా విప్పకండి. తొడ దాకా దిగబడితే కాళ్ళు లాక్కోకండి. వెల్లకిలా వాలి బరువు పరిచి, మెల్లగా కాలు ఊపుతూ ఒక్కొక్కటి తీయాలి. ప్రతి పడవలో రెండు వెడల్పు పలకలు ఉంచు. తిల్ల కొమ్మ విరిస్తే పాలు కారతాయి. కంట్లో పడితే చూపే పోవచ్చు, రుద్దకుండా నీళ్ళతో కడుగుతూనే ఉండి డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే కాలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టాలి. అందుకే ఫ్లాస్కు. టీకి కాదు.

వచ్చే నెల మొదటిసారి లోపలికి వెళ్తున్నారని రాశావు. పోటు పట్టిక ఇక్కడ నా దగ్గరా ఉంది. ఆ రోజు పడవ ఒడ్డుకు ఎప్పుడు చేరాలో నేనూ లెక్క వేసుకుని కూర్చుంటాను. గట్టు ఎక్కగానే, కాళ్ళు కడుక్కోకముందే, ఒక్క ఫోను చెయ్యి.

మామయ్య