సూర్యకాంతం గారి లాంటి గయ్యాళి అత్త మళ్లీ ఎందుకు రాలేదు?

ఎందుకంటే ఇప్పుడు గయ్యాళి అత్త అంటే కళ్లురిమి చూడటమే అనుకుంటున్నారు. టీవీ సీరియళ్లలో ఒక్క మాటకు ముఖాన్ని మూడుసార్లు చూపించి ఉరుములు వేస్తారు. సూర్యకాంతం గారికి ఉరుములు అక్కర్లేదు, ఎడమ చెయ్యి చాలు.

అసలు ఈ ప్రశ్న చూడగానే మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ పేరూ సూర్యకాంతమే. 1949లో పుట్టింది, అప్పటికి ఆ పేరుకు ఏ దోషమూ లేదు. 1967లో పెళ్లిచూపుల్లో పేరు చెప్పగానే పెళ్లికొడుకు తల్లి కాఫీ గ్లాసు కింద పెట్టేసిందట. తాతయ్య కంగారుపడి "ఇంట్లో కాంతం అనే పిలుస్తాం" అని సర్దిచెప్పి, శుభలేఖలో కాంతమ్మ అని అచ్చు వేయించారు. రేషన్ కార్డులో మాత్రం పాత పేరే మిగిలింది. డీలరు పిలిచినప్పుడల్లా వరుసలో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూసేవారట.

తెర మీద తిట్లు తిట్టింది ఒకరు, శిక్ష పడింది ఊరూరా ఆడపిల్లల పేర్లకు. ఆ తిట్టినావిడేమో షూటింగుకు ఇంటి నుంచి వంటలు మోసుకొచ్చి అందరికీ కొసరి కొసరి వడ్డించే మనిషి!

మొన్న సంక్రాంతికి అత్త వాళ్లింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ టీవీలో 'గుండమ్మ కథ' చూస్తున్నాం. నందమూరి, అక్కినేని ఇద్దరూ ఉన్న సినిమాకు ఈవిడ పాత్ర పేరు పెట్టారంటే ఆలోచించండి.

"ఆ ఎడమ చెయ్యి చూడరా, నోటికంటే ముందు అదే తిడుతుంది" అంది అత్త.

"సినిమా వచ్చేనాటికి ఆవిడకు 37 ఏళ్లే అత్తా" అన్నాను. నమ్మలేదు. అల్లుడిగా వేసిన నాగేశ్వరరావు గారూ ఆవిడా 1924లోనే పుట్టారని, 1957లో వచ్చిన 'మాయాబజార్'లో తనకంటే ఆరేళ్లు పెద్దవాడైన రంగారావు గారికి తల్లి హిడింబిగా వేశారని చెప్పాను. అత్త చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

"అంటే ఆయన పాటలు పాడుకుంటుంటే, అదే వయసుకు ఈవిడ అత్తగారా?"

అదీ మన సినిమావాళ్ల లెక్క. మగవాడికి అరవై వచ్చినా కాలేజీకి పంపుతారు. దాని గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇప్పట్లో ముగియదు.

ఛాయాదేవి వచ్చి గుండమ్మను పీడించే ఘట్టం వచ్చేసరికి అత్త "పాపం" అని నిట్టూర్చింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు, "పేరు కలిసింది కదా, మీరు అటే ఉంటారులెండి అత్తయ్యా" అంది.

అత్త మారు మాట్లాడలేదు. ఎడమ చేత్తో ఓ గుప్పెడు ఈనెలు తీసి కోడలి మీదికి విసిరింది.