ఎన్ని కాపీలు అని అడిగావు కదా

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మీ నాన్న గురించి నువ్వు రాసి పంపిన రాతప్రతి మొత్తం చదివాను. బావ చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నీ విప్పేసి మళ్లీ పైనుంచి మొదలుపెట్టడం, సాయం చెయ్యాలో వద్దో తెలియక నువ్వు తలుపు దగ్గరే నిలబడిపోవడం. ఆ రెండు పేజీలు దాటి వెంటనే ముందుకు వెళ్లలేకపోయాను. ఆ రోజుల్లో నేనూ మీ ఇంటికి వస్తూ పోతూ ఉన్నవాణ్నే. నాకు బావ మతిమరుపు మాత్రమే కనిపించింది, నీకు ఆయన పట్టుదల కనిపించింది. రాయడం నీకు చేతనవును. ఆ విషయంలో ఇంకెవర్నీ అడగకు.

ఎన్ని కాపీలు వెయ్యాలి, అట్ట ఎవరి చేత వేయించాలి, ఈబుక్ సరిపోతుందా అని అడిగావు. ప్రచురణకర్తల నుంచి జవాబు రావడం లేదు కాబట్టి నేనే వేసుకుంటానన్నావు. కానీ ఎందుకు వేస్తున్నావో మాత్రం రాయలేదు. అది తేలితే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

ఎందుకు రాశావన్నది ఒక ప్రశ్న, ఎందుకు బయటపెడుతున్నావన్నది ఇంకో ప్రశ్న. రాయకపోతే నిద్ర పట్టేది కాదని నువ్వే చెప్పావు. నమ్ముతాను. అయితే ఆ అవసరం రాయడంతోనే తీరింది కదా! దానికి అచ్చు అక్కర్లేదు. డైరీలోనే ఉండిపోయినా ఆ రాత తన పని తాను చేసినట్టే. ఇప్పుడు అచ్చు వేయించాలంటే దానికి వేరే కారణం ఉండాలి.

మన కుటుంబం కోసమే అయితే ఓ ముప్పై కాపీలు చాలు, ఫొటోలు పెట్టుకో, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే వంశవృక్షం పెట్టుకో. బయటివాళ్లకు అర్థమవుతుందా అన్న టెన్షన్ అక్కర్లేదు. కానీ నీ రాతలో నాకు వేరే ఉద్దేశం కనిపించింది. ఇలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని రాత్రీ పగలూ చూసుకుంటున్న వాళ్లు, తమ ఒక్కరికే ఇలా ఉందనుకోకూడదని నీ ఆరాటం. నిజంగా అదే నీ కారణమైతే పుస్తకం రూపం కూడా దాన్నిబట్టే ఉండాలి. వాళ్లకు తీరుబడిగా కూర్చుని చదివే టైమ్ ఉండదు. నీ అధ్యాయాలు ఇరవై ఐదేసి పేజీలు నడుస్తున్నాయి, వాటిని చిన్న చిన్నవిగా విడగొట్టు. అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టించు, ఇంట్లో మనిషిని చూసుకునేవాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లే. అట్ట మీద కవిత్వంలాంటి పేరు వద్దు. ఇది దేని గురించో చూడగానే తెలియాలి, లేకపోతే వెతుక్కునేవాళ్లకు దొరకదు. ఈబుక్ తప్పకుండా ఉండాలి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చదువుకునే పాఠకులు నీకు ఎక్కువ.

ఇంగ్లిష్‌లో పిల్లల కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు పిల్ల కథను ప్రచురణకర్తలు కాదంటే 1901లో సొంత ఖర్చుతో 250 కాపీలు వేయించుకుంది. పసిపిల్లల చేతిలో ఇమిడేంత చిన్నగా, కొనగలిగే ధరలో ఉండాలన్నది ఆమె పట్టు. ఎవరి కోసం వేస్తున్నానో ఆమెకు ముందే తెలుసు. మరుసటేడే ఒక ప్రచురణ సంస్థ ఆ చిన్న సైజులోనే రంగుల బొమ్మలతో దాన్ని తెచ్చింది. సొంతంగా వేసినవాళ్లందరికీ అలా జరుగుతుందని కాదు. ఆమె పట్టుబట్టిన తీరు చూడు, అంతే.

పేరు కోసం కూడా కొంచెం ఉందేమో మామయ్యా అని సిగ్గుపడుతూ చివర్లో ఒక వాక్యం రాశావు. సిగ్గెందుకు? ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో తానెందుకు రాస్తాడో చెబుతూ నాలుగు కారణాలు లెక్కపెట్టాడు. అందులో మొట్టమొదటిది అహమే. తెలివైనవాళ్లమనిపించుకోవాలని, మన గురించి నలుగురూ మాట్లాడుకోవాలని, పోయాక కూడా గుర్తుండాలని. అది లేదని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. ఉండనీ. కానీ అట్ట మీద నీ ఫొటో ఎంత పెద్దదిగా ఉండాలి, ముందుమాటలు ఎందరి చేత రాయించాలి లాంటివి ఆ కోరికకు వదిలిపెట్టకు.

నన్ను కలవరపెట్టిన కారణం ఇంకొకటుంది. జవాబు ఇవ్వనివాళ్లకు చూపించాలన్న కోపం. ఆ కోపంలో వేసిన పుస్తకానికి తొందరెక్కువ. ప్రచురణకర్తను పక్కన పెడితే ఆయన చేసే పనులన్నీ నీ నెత్తిన పడతాయి. ఎడిటింగ్, ప్రూఫులు, లేఅవుట్, అమ్మకం, లెక్కలు. వీటిలో ఎడిటింగ్ డబ్బులిచ్చి చేయించుకో. స్నేహితులు బాగుందంటారు, ఎడిటర్ మాత్రం మూడో అధ్యాయం తీసెయ్యమంటారు. (నిజంగానే తీసెయ్యొచ్చు. ఆస్పత్రుల పేర్లు, మందుల వివరాలు తప్ప అందులో బావ కనిపించడు.)

డబ్బు సంగతి. అమ్మకాల మీద ఇల్లు గడవాలని పెట్టుకుంటే ప్రతి నెలా గుండె బరువెక్కుతుంది. అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1849లో తన మొదటి పుస్తకం వెయ్యి కాపీలు తన ఖర్చు మీదే తెచ్చుకుంటే, 1853లో అమ్ముడుపోని 706 కాపీలు తిరిగి ఆయన ఇంటికే వచ్చాయి. తన ఇంట్లో ఇప్పుడు దాదాపు తొమ్మిది వందల పుస్తకాలున్నాయని, అందులో ఏడు వందలకు పైగా తను రాసినవేనని డైరీలో రాసుకున్నాడు. ఆ రాత్రి కూడా ఎప్పటిలాగే తృప్తిగా కలం పట్టానని అక్కడే రాశాడు. తర్వాతి ఏడాది ఆయన రెండో పుస్తకం వచ్చింది. ఇప్పుడైతే నువ్వు కట్టలు కట్టలు ఇంట్లో పేర్చుకోనక్కర్లేదు. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఆర్డర్ వచ్చినప్పుడే కాపీ అచ్చవుతుంది. కాపీకి ఖర్చు కొంచెం ఎక్కువ పడినా పెట్టుబడి ఇరుక్కోదు. ఎన్ని కాపీలన్న ప్రశ్నకు నా జవాబు అదే. దగ్గరివాళ్లకు ఇచ్చుకోవడానికి మాత్రం కొన్ని ముందే వేయించుకో.

ప్యాకేజీ తీసుకుంటే అన్నీ మేమే చూసుకుంటామని నీకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారే, వాళ్లతో జాగ్రత్త. అసలైన ప్రచురణకర్త రచయితకు డబ్బిస్తాడు, రచయిత దగ్గర తీసుకోడు. సర్వీసుకు డబ్బిస్తున్నప్పుడు అది సర్వీసే అని రాతలో ఉండాలి. హక్కులు వాళ్లకు రాసివ్వకు. రచయితల హక్కుల కోసం దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలోనూ రాసిన క్షణం నుంచే హక్కు రచయితది, రిజిస్ట్రేషన్ చేయించినా చేయించకపోయినా. పుస్తకానికి గుర్తింపు నంబరైన 13 అంకెల ఐఎస్‌బీఎన్ నీ పేరునే తీసుకో, అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్‌కి వేరొకటి. వేరేవాళ్ల నంబరు వాడితే రికార్డుల్లో ప్రచురణకర్తగా వాళ్ల పేరే పడుతుంది.

వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అక్క చేత చదివించు. బావ స్నానాల గదిలో ఏడ్చిన రోజు నీ పుస్తకంలో ఉంది. అది నీ జ్ఞాపకమే, కానీ ఆయన పరువూ అక్క బాధా కూడా అందులో కలిసే ఉన్నాయి. ఆయన్ని అడగలేం కాబట్టి అక్కనే అడగాలి. అచ్చయ్యాక చూపిస్తే అది అడిగినట్టు కాదు. ఆ పేజీ వద్దంటే తీసెయ్. పోట్లాడకు. ఆ పేజీ లేకపోయినా పుస్తకం నిలబడుతుంది, గుండీల పేజీలు ఉన్నాయిగా. ఉంచమంటే మాత్రం ఒక్క మాట కూడా మెత్తబరచకు.

ఈ నెలంతా ఆ పని మీదే ఉండు. తర్వాత అధ్యాయాలు విడగొట్టి ఎడిటర్‌కి ఇవ్వు. లేఅవుట్ అయ్యాక ప్రూఫు కాపీ ఒకటి నాకు పంపు. కాగితం మీదే పంపు, స్క్రీన్ మీద నాకు అచ్చుతప్పులు దొరకవు. వారంలో చదివి పంపిస్తాను.

నీ
మామయ్య