సందేహాలు – సమాధానాలు: ‘ఎప్పుడు లొంగిపోయారు?’ అని అడగవచ్చా?

సందేహం: మావోయిస్టు అజ్ఞాత దళాల నుంచి బయటికి వచ్చినవారి మీద జరుగుతున్న ఒక పరిశోధనకు నేను సమన్వయకర్తను. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో మా బృందం ఇంటర్వ్యూలు చేస్తోంది. ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగు చేస్తే ‘మీరు ఎప్పుడు లొంగిపోయారు?’ అని వచ్చింది. కొందరు ‘నేను లొంగలే, ఇంటికొచ్చిన’ అని అక్కడే మాట ఆపేస్తున్నారు. ‘లొంగిపోయినవారు’, ‘మాజీలు’, ‘నిష్క్రమించినవారు’, ‘జనజీవన స్రవంతిలో కలిసినవారు’ – వీటిలో ఏది సరైన తెలుగు? ఇంటర్వ్యూకు ముందు సంతకం తీసుకునే కాగితానికి ‘ఒప్పుకోలు పత్రం’ అని పేరు పెట్టాం. బాగుందా?
– ఒక పరిశోధకురాలు, హైదరాబాదు

సమాధానం: ‘లొంగిపోయారు’లో వ్యాకరణ దోషం లేదు. చిక్కంతా కనిపించని విభక్తిలో ఉంది. లొంగడం ఒంటరిగా జరిగే పని కాదు. ‘ఎవరికి?’ అన్న ‘కి’ దానికి తప్పదు. మీ ప్రశ్నలో ఆ ‘కి’ రాయలేదు గాని, వినేవాడికి వినిపిస్తూనే ఉంది. జబ్బు చేసి పార్టీకి చెప్పి వచ్చినవాడు, ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి ఊరు చేరి సేద్యం చేసుకుంటున్నవాడు, అరెస్టయి జైలు నుంచి వచ్చి మళ్లీ అటు వెళ్లనివాడు, పార్టీయే వెళ్లగొట్టినవాడు – వీళ్లలో ఎవరికీ ఆ ‘కి’ లేదు. మరి వాళ్లు ఏమని జవాబు చెబుతారు? దాని మీద ‘పో’ ఒకటి. ‘లొంగారు’ అంటే జరిగిన సంగతి. ‘లొంగిపోయారు’ అంటే పని పూర్తయింది, ఇక చేసేదేమీ లేదన్న ధ్వని. విరిగిపోయింది, చెడిపోయింది, ఓడిపోయాడు – ఈ వరుస చూడండి. మనిషిని ఈ వరుసలో నిలబెట్టి, ఆపైన అరవై ప్రశ్నలు అడుగుతామంటే ఎవరు కూర్చుంటారు?

‘లొంగు’ పక్కనే పాత నిఘంటువుల్లో ‘లోఁగు’ ఉంటుంది. సంకోచించడం, వెనుదీయడం దాని అర్థాలు. ‘లోఁబడు’ సంగతి ఇంకా తేట: లోను, పడు. ఒకరి అధికారం లోపలికి పోయి పడ్డాడన్నమాట. ‘లోకువ’ కూడా ఆ లోపలిదే. తెలుగువాడికి అణగడమంటే లోపలికి పోవడం. మీరు కలుస్తున్నవాళ్ల మాట దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. వాళ్ల వాడుకలో ‘లోపల’ అంటే దళం. ‘లోపలున్నప్పుడు’ అని మొదలుపెట్టి ‘బయటికొచ్చినంక’ అని ముగిస్తారు. అటు నిఘంటువు లోపలికి తోస్తుంటే ఇటు మనిషి బయటికొచ్చానంటున్నాడు. మీ ప్రశ్నావళి నిఘంటువు మాట విన్నది, మనిషి మాట వినలేదు.

ఇక్కడ పోతన్నను తలుచుకోకుండా ముందుకు పోలేను. బళ్లో అందరూ వల్లించిన గజేంద్రమోక్షం పద్యమే:

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చెఁ, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్,
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ, మన్నింపందగున్ దీనునిన్,
రావే యీశ్వర, కావవే వరద, సంరక్షింపు భద్రాత్మకా!

దీన్ని శరణాగతి పద్యమని బట్టీ పట్టించి వదిలేస్తారు. కాస్త నిలిచి చదవండి. ఏనుగు ఎవరికి లొంగింది? మొసలికి కాదు. పట్టు పట్టింది ఒకరు, శరణు కోరింది వేరొకరిని. ‘కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు’ అని చెరోవైపు లాగుకున్నంతసేపు లాగుకుని, చివరికి మూడో దిక్కుకు తిరిగింది. ఈ పద్యం నాలుగు పాదాల్లో మొసలి పేరే లేదు! ‘శరణు’కూ ‘లొంగుబాటు’కూ తేడా ఇదే. లొంగేది పోరాడిన పక్షానికి, శరణు కోరేది కాపాడేవాడిని. మీవాళ్లలో చాలామందికి ఆ మూడో దిక్కు కన్నతల్లో, ఊరి సర్పంచో, ఆసుపత్రో అయివుంటుంది. ‘ఎవరికి లొంగారు?’ అని కాకుండా ‘ముందు ఎవరి దగ్గరికి వెళ్లారు?’ అని అడిగితే అది బయటికి వస్తుంది.

ఇక మొదటి రెండు పాదాల్లోని క్రియలు. లావు లేదు. ఈ లావు బలం, ఒళ్లు కాదు. నేటి పిల్లలు ‘లావొక్కింతయు లేదు’ అంటే ఏనుగు చిక్కిపోయిందనుకుంటే తప్పు వాళ్లది కాదు, చెప్పినవాళ్లది. ధైర్యం ‘విలోలం’ అయింది, అంటే ఊగుతోంది, ఇంకా పోలేదు. ప్రాణాలు ఠావులు తప్పాయి. ఈ ‘ఠావు’కూ పోలీసు ‘ఠాణా’కూ మూలం ఒకే ‘స్థా’ ధాతువు. ఠావు తప్పినవాడు ఠాణా చేరడం భాషాపరంగా దగ్గరి దారే! మూర్ఛ వచ్చె, తనువు డస్సె – ఇవన్నీ అయిపోయిన పనులు. ‘శ్రమంబయ్యెడిన్’ ఒక్కటే వర్తమానం, శ్రమ ఇంకా అవుతూనే ఉంది. బలం, గుండె, ఊపిరి, స్పృహ, ఒళ్లు, ఆగని శ్రమ – ఆరింటిలో ‘ప్రధాన కారణం’ ఏది? పోతన టిక్కు పెట్టలేదు. మీ ప్రశ్నావళిలో మాత్రం ‘వదిలి రావడానికి ప్రధాన కారణం (ఒక్కదానికే టిక్కు పెట్టండి)’ అని ఉండే ఉంటుంది. అనారోగ్యం, కుటుంబం, నాయకత్వంతో విభేదం, భయం, సిద్ధాంతంపై విరక్తి అని ఐదు గళ్లు. తీసేయండి. వాళ్లు చెప్పిన వరుసలోనే, చెప్పిన మాటల్లోనే మొత్తం రాసుకుని, గళ్లు తరవాత మీ బల్ల మీద వేసుకోండి. ఒక్క టిక్కు అడిగితే, అడిగినవాడికి ఏది నచ్చుతుందనుకుంటారో దానికే పెడతారు.

ఇంకో విశేషం. ఈ పద్యానికి ముందే ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’ అన్నది ఏనుగు. ముందు అనుమానం, తరవాత అలసట, ఆ తరవాత పిలుపు. సంఘాలను వదిలి వచ్చేవారి మీద పనిచేసిన సమాజశాస్త్రజ్ఞులూ తొలి మెట్టు అనుమానమనే అంటారు. కాబట్టి ‘ఎప్పుడు వచ్చారు?’ అనే ముందు ‘ఇక్కడ ఉండాలా వద్దా అని మొదటిసారి ఎప్పుడనిపించింది?’ అని వేయండి. ఈ రెండు తేదీల మధ్య దూరమే మీకు కావలసిన సరుకు. నెలా సంవత్సరం గుర్తులేకపోతే పంటనో, పండగనో, ఎన్నికలనో ఆనవాలు అడగండి.

అలాగని ‘లొంగుబాటు’ను పూర్తిగా పారేయమనడం లేదు. ప్రభుత్వ దస్తావేజుల్లో అదొక హోదా. కేంద్ర పథకం కింద పై స్థాయి వారికి 5 లక్షల రూపాయలు, మధ్య, కింది స్థాయి వారికి 2.5 లక్షలు, శిక్షణ కాలంలో 36 నెలల పాటు నెలకు 10,000 చొప్పున భృతి. ఆయుధం అప్పగిస్తే దానికిచ్చే సొమ్ము వేరు. ఆ డబ్బుకు ఆధారం ఈ మాటే. కాబట్టి ‘ప్రభుత్వ నమోదు: ఉంది / లేదు’ అని ఒక గడి పెట్టి, దాని కింద ‘లొంగుబాటు’ అని రాసుకోండి. మనిషిని పిలవడానికి మాత్రం దాన్ని వాడకండి. ‘దళంలో మీ హోదా ఏమిటి?’ అన్న ప్రశ్న చెడిపోవడానికీ ఈ సొమ్మే కారణం. దళ సభ్యుడా, ఏరియా కమిటీయా, డివిజన్ కమిటీయా అన్నదాన్ని బట్టి మొత్తం మారుతుంది గనక, అడిగినవాడు ఎవరో నమ్మకం కుదిరేదాకా కాగితంలో ఉన్న హోదానే చెబుతారు. మీరు పనిని అడగండి: వంటా, సెంట్రీయా, వైద్యమా, కొరియరా, ప్రెస్సా? ఆయుధం పట్టని మిలీషియా, గ్రామ సంఘాల సభ్యులు కూడా లొంగుబాటు లెక్కల్లోకి వస్తారు. పనిని అడిగితేనే వాళ్లు విడిగా తేలతారు.

‘అప్పగించడం’, ‘వదలడం’ ఒకటి కావు. కొలంబియాలో 2016 ఒప్పందం నాడు ఫార్క్ గెరిల్లాలు ‘ఎంత్రేగా’ (అప్పగింత) అన్న మాటను ఒప్పుకోక ‘దెహాసియోన్ దె ఆర్మాస్’, అంటే ఆయుధాలను వదిలిపెట్టడం అని రాయించుకున్నారు. మాట కోసం అంత పట్టుబట్టినవాళ్లను చూసి ముచ్చటేస్తుంది. మన పత్రికలకు అంత ఓపిక లేదు. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేతలు మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో, రెండు రోజులకు తక్కళ్లపల్లి వాసుదేవరావు జగదల్‌పూర్‌లో బయటికి వచ్చినప్పుడు లొంగుబాటు, సరెండర్, ఆయుధ విసర్జన – మూడూ ఒకే వార్తలో, ఒకే అర్థంలో పడ్డాయి.

‘జనజీవన స్రవంతి’ జోలికి పోకండి. స్రవంతి అంటే నది. ‘స్రవంతీ నిమ్నగాపగా’ అని అమరకోశం. ఇంగ్లీషువాడి ప్రధాన ప్రవాహాన్ని తెచ్చి, ముందు జనజీవనం తగిలించి, అందులో మనుషుల్ని కలుపుతున్నాం. అడవిలో ఉన్నది జనం కాదా, వాళ్లది జీవనం కాదా అని ఏ కోయ ముసలమ్మయినా అడిగితే ఏం చెబుతారు? నదిలో కలిసేవి అస్థికలూ పిల్లకాలువలూను.

‘మాజీ’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, అక్కడ భూతకాలానికి పేరు. మంత్రులకు నప్పుతుంది. ‘నిష్క్రమణ’ నాటక రంగం మాట, పాత్రలు తెర వెనక్కి పోతే ‘నిష్క్రాంతాః’ అంటారు. సిద్ధాంత గ్రంథంలో పరిభాషగా ఉండనివ్వండి, ఇంటర్వ్యూలో వద్దు. ‘వీడినవారు’ శీర్షికకు బాగుంటుంది. ముడి వీడుతుంది, ముడిని విడుస్తాం అన్న తేడా పాటించే నాబోటివాళ్లకు ‘పార్టీని వీడారు’ కాస్త ఎబ్బెట్టే గాని, పత్రికలు దాన్ని అరిగించి నున్నగా చేశాయి, ఇక కాదనలేం. శీర్షికలో ‘సాయుధ దళాలను వీడినవారు’, నోటి ప్రశ్నలో ‘బయటికి వచ్చినప్పుడు’ – నా మొగ్గు ఇటు. అయితే జవాబు చెప్పే మనిషి తానే ‘నేను సరెండరయిన’ అంటే మీరూ ఆ మాటే పట్టుకోండి, దిద్దకండి.

కోయ, గోండి మాట్లాడేవారికి తెలుగు రెండో భాష. దంతెవాడ పోలీసులు 2020లో తమ కార్యక్రమానికి ‘లోన్ వర్రాటు’ అని గోండి పేరు పెట్టారు, ‘ఇంటికి రండి’ అని. ఆ ‘వర్’, మన ‘వచ్చు’ ఒక తల్లి బిడ్డలే. పోలీసులకు తట్టింది పరిశోధకులకు తట్టకపోతే ఎలా? తెలుగు ప్రశ్నావళిని కోయవారి చేత కోయలోకి మార్పించండి. మూలం చూడని మరొకరి చేత దాన్ని తిరిగి తెలుగు చేయించండి. రెండు తెలుగులూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారిందో కనిపిస్తుంది. తేడా వచ్చిన ప్రతి మాటనూ ఒక కాగితం మీద రాసి, ఇంటర్వ్యూ చేసేవాళ్లందరికీ అదే కాగితం ఇవ్వండి. లేకపోతే ఒకరు ‘లొంగారు’ అని, ఒకరు ‘వచ్చారు’ అని అడిగి, చివరికి రెండు జిల్లాల జవాబులను పోల్చలేకపోతారు.

‘ఒప్పుకోలు పత్రం’ మాత్రం ఇవాళే చింపేయండి. ‘ఒప్పుకున్నాడు’ అంటే ఠాణాలో నేరం ఒప్పుకున్నాడనే. తెల్లకాగితం మీద సంతకం పెట్టిన అనుభవం ఉన్నవాడి ముందు ఆ శీర్షిక పెడతారా? ‘సమ్మతి పత్రం’ అనండి. చదివి వినిపించేటప్పుడు ‘ఇష్టమైతేనే మాట్లాడండి, నచ్చని ప్రశ్న వదిలేయండి, మధ్యలో ఆపేయొచ్చు’ అని మూడు ముక్కలు చెప్పండి. సంతకానికి జంకితే నోటిమాట సమ్మతి చాలునని మీ నైతిక కమిటీ చేత ముందే రాయించుకోండి. ‘విచారణ’, ‘వాంగ్మూలం’ కూడా అలాంటివే, వాటికి బదులు ‘ఇంటర్వ్యూ’ అంటే తెలుగుకు వచ్చిన నష్టమేమీ లేదు. ‘మీకు మారుపేరు పెడతాం’ అని కూడా అనకండి. దళంలో ఉన్నవాడికి అప్పటికే ఒక మారుపేరు ఉంది, పోలీసు రికార్డులో ఉన్నదీ అదే, మీరు దాన్నే వాడతారేమోనని బెదురుతాడు. ‘మీకు ఇంట్లో పెట్టిన పేరు, పార్టీ పేరు రెండూ రాయం, అంకె మాత్రమే వేస్తాం’ అని విడమరిచి చెప్పండి. అంకెకూ మనిషికీ లంకె చూపే జాబితా ఇంటర్వ్యూ కాగితాలున్న బీరువాలో ఉండకూడదు.