మొహం మీదే నిజం చెప్పేయడం మంచిదేనా? ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 'మిజాంత్రోప్' (మనుషులంటే గిట్టనివాడు) నాటకంలో కథానాయకుడు ఆల్సెస్త్ చేసింది కరెక్టేనా?

ఆల్సెస్త్ కుండబద్దలు కొట్టే మనిషని అందరూ అంటారు. నేనొప్పుకోను. ఆయనకీ నాకున్నంత మొహమాటం ఉంది.

మా తోడల్లుడుగారు రిటైరయ్యాక కవిత్వం మొదలుపెట్టారు. ఓ ఆదివారం భోజనాలయ్యాక స్పైరల్ బైండింగ్ చేయించిన పుస్తకం నా ఒళ్లో పెట్టి, "తమ్ముడూ, మొహమాటపడకుండా చెప్పు, అచ్చుకిద్దామనుకుంటున్నా" అన్నారు. మొదటి కవిత వెన్నెల మీద. రెండోదీ వెన్నెల మీదే. నాకు టెన్షన్ పట్టుకుంది. "మా ఆఫీసులో ఒకాయన ఇలాగే రాసేవారు అన్నయ్యా, అందరికీ చూపించకండని చెప్పాను" అన్నాను. అలాంటాయన ఎవరూ లేరు.

"అంటే నావి బాలేవంటావా?"

"అబ్బే, నేనలా అనడం లేదు."

మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట. చివరికి ఓపిక పోయి, "అచ్చేయించకండి, డబ్బు దండగ" అనేశాను. కాఫీ తెస్తున్న వదినగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

తర్వాతెప్పుడో ఈ నాటకం ఇంగ్లీషులో చదువుతూ మొదటి అంకంలోనే ఉలిక్కిపడ్డాను. ఒరోంత్ అనే పెద్దమనిషి తను రాసిన సానెట్, అంటే పద్నాలుగు పాదాల కవిత, వినిపించి ఎలా ఉందంటాడు. ఆల్సెస్త్ సూటిగా చెప్పడే! పేరు చెప్పనుగానీ ఒకాయనకి ఓసారి ఇలా చెప్పానంటూ మొదలెడతాడు. ఒరోంత్ నిలదీసినప్పుడల్లా "నేనలా అనడం లేదు" అంటాడు. ముచ్చటగా మూడుసార్లు. ఆ తర్వాతే, అది బీరువాలో పడేయడానికే పనికొస్తుందంటాడు. ఆ ఫ్రెంచి మాటకి మరుగుదొడ్డి అనే అర్థం కూడా ఉంది. నేనంత దూరం పోలేదు.

పైగా లోకమంతా నటనే అని తిట్టే ఈ పెద్దమనిషి ప్రేమించింది ఎవరిని? ఇంటికొచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడి, వెనకాల వాళ్లనే ఏకిపారేసే సెలిమెన్‌ని! మోలియేర్ ఆయన్ని చూసి నవ్వమన్నాడనే నా నమ్మకం. లేకపోతే 1666లో పారిస్‌లో తొలిసారి ఆడినప్పుడు ఆ వేషం తనే కట్టి, సెలిమెన్‌గా సొంత భార్యని ఎందుకు నిలబెడతాడు? మంచివాణ్ని నవ్వులపాలు చేశాడని తత్వవేత్త రూసో 1758లో మండిపడ్డాడు. రూసోకి కవిత్వం రాసే తోడల్లుడు ఉండి ఉండడు.

నాకు అసలు ఒళ్లు మండేది ఆల్సెస్త్ స్నేహితుడు ఫిలాంత్ లాంటివాళ్ల మీద. ఆ సానెట్‌ని పాదపాదానికీ ఆహా ఓహో అంటాడు. మన పుస్తకావిష్కరణ సభల్లో వేదిక నిండా వీళ్లే. మా తోడల్లుడుగారి సభలో నలుగురు మాట్లాడారు, ఒక్కరూ పుస్తకం తెరిచిన జాడ లేదు. శాలువాలకే బోలెడు ఖర్చయింది. నేను మూడో వరుసలో కూర్చుని గట్టిగానే చప్పట్లు కొట్టాను.

నాటకంలో ఒరోంత్ గొడవని మార్షల్స్ పంచాయితీ దాకా, అంటే పెద్దింటివాళ్ల పరువు తగాదాలు తీర్చే సైనికాధికారుల దాకా, తీసుకెళ్తాడు. మా వదినగారు అంతకి పోలేదు. రెండు సంక్రాంతులు అరిసెలు పంపలేదు, అంతే.