అన్నింటికీ ఒకే లాగిన్: తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

ప్రశ్న: మా సంస్థలో అరవై మంది ఉద్యోగులు ఉన్నారు. మెయిల్, ఫైళ్లు, జీతాల లెక్కలు, ప్రాజెక్టులు అన్నీ వేర్వేరు ఆన్‌లైన్ సేవల్లో, వేర్వేరు పాస్‌వర్డ్‌లతో నడుస్తున్నాయి. సింగిల్ సైన్-ఆన్ (ఒకే లాగిన్‌తో అన్ని సేవల్లోకీ వెళ్లే పద్ధతి) పెట్టుకోవాలని ఉంది కానీ, ఆ ఒక్క పాస్‌వర్డ్ బయటికి పొక్కితే అన్నీ పోయినట్టే కదా అని సందేహిస్తున్నాం.

జవాబు: సందేహం సబబే. అయితే ఇప్పుడు మీవాళ్లలో చాలామంది ఒకే పాస్‌వర్డ్‌ను పది చోట్ల వాడుతూ ఉండవచ్చునని, ఆ పదింటిలో అతి బలహీనమైన సేవ దాన్ని పోగొట్టుకున్నా ఫలితం అదేనని గుర్తుంచుకోండి. సింగిల్ సైన్-ఆన్‌లో ఏ సేవా పాస్‌వర్డ్‌ను అడగదు. వచ్చినవారిని ఐడెంటిటీ ప్రొవైడర్ (వచ్చింది ఎవరో తనిఖీ చేసి నిర్ధారించే సేవ) దగ్గరికి పంపి, అది డిజిటల్ సంతకంతో ఇచ్చే ధ్రువీకరణను మాత్రమే నమ్ముతుంది. కాబట్టి కాపలా ఒక్క గుమ్మం దగ్గర పెడితే చాలు. అక్కడ రెండో అంచె తనిఖీని అందరికీ తప్పనిసరి చేయండి. ఎస్సెమ్మెస్ ఓటీపీ కన్నా పాస్‌కీ (ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాగి ఉండే, వేలిముద్రతోనో పిన్‌తోనో తెరుచుకునే డిజిటల్ తాళంచెవి) మేలు.

మీ మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో మైక్రోసాఫ్ట్ 365లోనో ఉంటే అదే ఐడెంటిటీ ప్రొవైడర్‌గా పనికొస్తుంది. మిగిలిన సేవలు 2005 నాటి సామెల్ 2.0 ప్రమాణాన్ని గానీ, 2014లో ఖరారైన ఓపెన్ఐడీ కనెక్ట్‌ను గానీ (రెండూ ఐడెంటిటీ ప్రొవైడర్ ధ్రువీకరణను సేవలకు చేరవేసే పద్ధతులే) అంగీకరిస్తాయో లేదో విచారించండి. చాలా కంపెనీలు ఈ సదుపాయాన్ని ఖరీదైన ప్లాన్‌లోనే ఇస్తాయి (భద్రతకు విడిగా డబ్బు అడగడం నాకు నచ్చని విషయం), కనుక ముందే కనుక్కోవడం మంచిది.

సెట్టింగులు చేయడం ఒక పూట పని. చిక్కులు ఆ తరువాతే మొదలవుతాయి. ఉద్యోగిని ఈమెయిల్‌తో గుర్తించేలా పెడితే, పేరు మారి ఈమెయిల్ మారిన రోజున ఆ సేవ ఆమెను కొత్త మనిషిగా భావించి ఖాళీ ఖాతా ఇవ్వవచ్చు. అందుకే ఎన్నటికీ మారని గుర్తింపు సంఖ్యను వాడండి. ఐడెంటిటీ ప్రొవైడర్ పెట్టే డిజిటల్ సంతకాన్ని సరిచూసుకునేందుకు వాడే సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365 వాడే ఐడెంటిటీ ప్రొవైడర్ అయిన మైక్రోసాఫ్ట్ ఎంట్రాలో మనం మార్చకపోతే అది మూడేళ్లు. అది ముగిసిన ఉదయం అరవై మందీ గుమ్మం బయట నిలబడే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ తేదీని ఇద్దరి క్యాలెండర్లలో రాసి ఉంచండి. పాత పాస్‌వర్డ్ దారిని మూసేముందు నలుగురైదుగురితో కొన్నాళ్లు నడిపి చూడండి. సింగిల్ సైన్-ఆన్‌తో సంబంధం లేని అత్యవసర అడ్మిన్ ఖాతాలు రెండింటిని ఉంచుకుని, వాటి వివరాలను కాగితం మీద రాసి బీరువాలో భద్రపరచండి.

మానేసినవారి ఖాతాను ఐడెంటిటీ ప్రొవైడర్‌లో నిలిపివేస్తే కొత్త లాగిన్‌లు ఆగుతాయి గానీ, అప్పటికే తెరిచి ఉన్న సెషన్లు, వారు సృష్టించుకున్న ఏపీఐ కీలు (లాగిన్ లేకుండానే ప్రోగ్రాములు సేవను వాడుకునేందుకు ఇచ్చే రహస్య సంకేతాలు) కొన్ని సేవల్లో అలాగే పనిచేస్తూ ఉంటాయి. ఆ సేవ స్కిమ్ ప్రమాణాన్ని (ఖాతాల మార్పులను ఐడెంటిటీ ప్రొవైడర్ నుంచి సేవలకు చేరవేసే పద్ధతి) అంగీకరిస్తే అక్కడి ఖాతా కూడా దానంతటదే నిలిచిపోయేలా చేయవచ్చు. లేకపోతే ప్రతి సేవలోకీ వెళ్లి చేత్తో తొలగించవలసిందే.